ఇంగ్లీష్ వాక్యంలో 'దట్' ముందు మాట సరిగ్గా పడాలంటే

"ఐ వాజ్ వెరీ టైర్డ్ దట్ ఐ కుడ్ నాట్ స్టాండ్."

నా దగ్గర ఇంగ్లీష్ రాయడం నేర్చుకునేవాళ్ళ నోట్‌బుక్కుల్లో ఈ తరహా వాక్యం తరచూ కనిపిస్తుంది. స్పెల్లింగ్ తప్పు లేదు, టెన్స్ తప్పు లేదు, చెప్పదలచుకున్నదీ అర్థమవుతోంది. అయినా వాక్యం నిలబడలేదు. 'వెరీ టైర్డ్' దగ్గరే మాట పూర్తయిపోయింది, ఆ తర్వాత దట్ రావడానికి అక్కడ చోటు లేదు. 'వెరీ' తీసేసి 'సో' పెట్టండి: "ఐ వాజ్ సో టైర్డ్ దట్ ఐ కుడ్ నాట్ స్టాండ్." మారింది ఒక్క మాటే, వాక్యం మొత్తం కుదురుకుంది.

దట్ వాక్యాల్లో మనం చేసే తప్పులు చాలావరకు దట్‌కి ముందున్న మాటలోనే ఉంటాయి. అక్కడ అడ్జెక్టివ్ (గుణాన్ని చెప్పే మాట) కావాలా, అడ్వర్బ్ (పని జరిగిన తీరునో, పాళ్ళనో చెప్పే మాట) కావాలా, దాని ముందు 'ఐ యామ్' రావాలా, 'ఇట్ ఈజ్' రావాలా అన్నది తేలిపోతే మిగతాది సులువు. గ్రామర్ పుస్తకాల్లో ఇదంతా తలా ఒక చోట ఉంటుంది. నేను నేర్పేటప్పుడు వాడే వరసలోనే ఇక్కడ చెబుతున్నాను. పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి. ప్రతి అడుగు దగ్గరా ఆగి సొంతంగా ఒకటి రెండు వాక్యాలు రాస్తూ వెళ్ళండి, చివర్లో వాటితో పని ఉంది.

మొదటి అడుగు: 'అని' వదిలి 'అంటే' పట్టుకోండి

"అతను వస్తాడని నాకు నమ్మకం." ఇందులో విషయం ముందు వచ్చింది, దాని తోకకు 'అని' తగిలింది, మన అభిప్రాయం చివరికి వెళ్ళింది. ఇదే ఇంగ్లీషులో "ఐ యామ్ ష్యూర్ దట్ హీ విల్ కమ్." అభిప్రాయం ముందుకొచ్చింది, దట్ మధ్యలో నిలిచింది, విషయం చివరికి పోయింది. రెండూ ఎదురెదురు వరసలు.

దీనికి కారణం ఆ మాటల పుట్టుకలోనే ఉంది. మన 'అని' అనేది 'అను' అనే క్రియ నుంచి వచ్చింది. ఏదైనా అన్నాకే 'అని' అంటాం కాబట్టి అది ఆ మాట వెనకే ఉంటుంది. ఇంగ్లీష్ దట్ మొదట్లో 'అది' అని చూపించే మాట. "నాకు అది తెలుసు: అతను వచ్చాడు" అన్నట్టుగా, రాబోయే విషయాన్ని ముందే చూపిస్తుంది. అందుకే విషయానికి ముందు నిలబడుతుంది.

'అని'తో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చబోతే వాక్యాన్ని తలకిందులు చేయాలి. రాసేటప్పుడు ఆ టైమ్ దొరుకుతుందేమో గానీ, మాట్లాడేటప్పుడు దొరకదు, టెన్షన్ వచ్చేస్తుంది. అయితే మన తెలుగులోనే ఇంగ్లీష్ వరసలో నడిచే వాక్యాలు రెండు రకాలున్నాయి. మనం రోజూ వాడేవే.

"నిజం ఏమిటంటే, అతను రాలేదు."

"ఎంత అలసిపోయానంటే, నిలబడలేకపోయాను."

రెండింటిలోనూ 'అంటే' ఉంది. దాని ముందు మన అభిప్రాయమో, కొలతో ఉంది. దాని తర్వాత అసలు విషయం ఉంది. ఆ 'అంటే' ఉన్న చోటే ఇంగ్లీషులో దట్ పడుతుంది. 'ఏమిటంటే' వాక్యం అడ్జెక్టివ్ ప్లస్ దట్ అవుతుంది. 'ఎంత... అంటే' వాక్యం సో... దట్ అవుతుంది. ఈ ఒక్క సంగతి చేతికొస్తే సగం దారి దాటినట్టే.

కాబట్టి మొదటి పని ఇది. "వాళ్ళు ఒప్పుకుంటారని స్పష్టంగా ఉంది" అని మనసులో మెదిలితే, దాన్ని ముందు తెలుగులోనే "స్పష్టమైన విషయం ఏమిటంటే, వాళ్ళు ఒప్పుకుంటారు" అని మార్చుకోండి. ఇప్పుడు వరస కలిసింది: "ఇట్ ఈజ్ క్లియర్ దట్ దే విల్ అగ్రీ." కొన్నాళ్ళు ఇలా చేస్తే, ఆ తర్వాత తెలుగులో మార్చుకోకుండానే వాక్యం నేరుగా వస్తుంది.

రెండో అడుగు: 'ఎంత... అంటే' ఉంటే సో, లేదా సచ్

"నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయంటే, చెయ్యి పెట్టలేకపోయాను." ఈ వాక్యాన్ని తీసుకుని నెమ్మదిగా మార్చుదాం.

'ఎంత' స్థానంలో సో పెట్టండి. 'వేడిగా' అంటే హాట్. 'అంటే' స్థానంలో దట్. "ద వాటర్ వాజ్ సో హాట్ దట్ ఐ కుడ్ నాట్ టచ్..." ఇక్కడ చాలామంది ఆగిపోతారు. తెలుగులో "చెయ్యి పెట్టలేకపోయాను" అంటే చాలు, దేన్ని అని చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో దట్ తర్వాత వచ్చేది పూర్తి వాక్యం కాబట్టి చెప్పి తీరాలి: "...దట్ ఐ కుడ్ నాట్ టచ్ ఇట్." చివర్లో ఆ చిన్న 'ఇట్' మర్చిపోతే వాక్యం కుంటుతుంది. నేను నోట్‌బుక్కులు దిద్దేటప్పుడు ఎక్కువసార్లు చేర్చే మాట ఇదే.

వెరీకి, సోకి తేడా ఇప్పుడు చూడండి. వెరీ అంటే 'చాలా'. "నీళ్ళు చాలా వేడిగా ఉన్నాయి" అన్నాక తెలుగులోనూ 'అంటే' పెట్టలేం. "చాలా వేడిగా ఉన్నాయంటే చెయ్యి పెట్టలేకపోయాను" అని ఎవరూ అనరు కదా. ఇంగ్లీషులోనూ అంతే. 'చాలా' అయితే వెరీ పెట్టి అక్కడ ఆపేయండి. 'ఎంత' అయితే సో పెట్టి, దట్‌తో కొనసాగించండి.

'మరీ' అనే అర్థమిచ్చే 'టూ'తో కూడా ఇదే చిక్కు. "ద బ్యాగ్ ఈజ్ టూ హెవీ దట్ ఐ కాంట్ లిఫ్ట్ ఇట్" అనేది తప్పు. టూ ఉంటే దట్ రాదు, 'టు' వస్తుంది: "ద బ్యాగ్ ఈజ్ టూ హెవీ టు లిఫ్ట్." ఇక్కడ చివర ఇట్ ఉండదు. దట్ వాక్యంలో ఉంటుంది: "ద బ్యాగ్ ఈజ్ సో హెవీ దట్ ఐ కాంట్ లిఫ్ట్ ఇట్." ఈ రెండు వాక్యాలనూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకుని చూడండి, తేడా కళ్ళకు కడుతుంది.

సో తర్వాత అడ్జెక్టివే రావాలని లేదు, అడ్వర్బ్ కూడా రావచ్చు. ఏది రావాలో వాక్యంలోని క్రియ చెబుతుంది. ఈజ్, వాజ్, ఆర్, వర్ లాంటివి ఉంటే అడ్జెక్టివ్: "షీ వాజ్ సో క్వయట్ దట్ నోబడీ నోటీస్డ్ హర్." స్పీక్, వాక్, సింగ్ లాంటి పనులుంటే అడ్వర్బ్: "షీ స్పోక్ సో క్వయట్‌లీ దట్ నోబడీ హర్డ్ హర్." మొదటి దాంట్లో నిశ్శబ్దం ఆ మనిషి గుణం, రెండో దాంట్లో ఆమె మాట్లాడిన తీరు.

అడ్వర్బ్ అనగానే చివర 'లీ' తగిలించడం అలవాటైపోయినవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఫాస్ట్, హార్డ్, లేట్ అనేవి అడ్జెక్టివ్‌గానూ, అడ్వర్బ్‌గానూ అలాగే ఉంటాయి. "హీ వర్క్డ్ సో హార్డ్ దట్ హీ ఫెల్ ఇల్" అంటే జబ్బు పడేంతగా కష్టపడ్డాడని. 'హార్డ్' కాస్తా 'హార్డ్‌లీ' అయితే అర్థమే తిరగబడుతుంది. హార్డ్‌లీ అంటే 'దాదాపు లేనట్టే', "హీ హార్డ్‌లీ వర్క్డ్" అంటే వాడు పని చేయనే లేదన్నట్టు. కష్టపడ్డాడని పొగడబోయి తిట్టినట్టవుతుంది. 'గుడ్'కి అడ్వర్బ్ 'వెల్' అని తెలిసినా నోరు జారుతుంటుంది: "షీ సాంగ్ సో వెల్ దట్ ఎవ్రీవన్ స్టుడ్ అప్" అనాలి, సో గుడ్ అనకూడదు.

ఇక సచ్. అడ్జెక్టివ్ తర్వాత నామవాచకం కూడా ఉంటే సోకి బదులు సచ్ రావాలి. "ద బాక్స్ వాజ్ సో హెవీ దట్..." అన్నప్పుడు హెవీ తర్వాత వస్తువు పేరు లేదు, కాబట్టి సో. "ఇట్ వాజ్ సచ్ ఎ హెవీ బాక్స్ దట్..." అన్నప్పుడు హెవీ వెనక బాక్స్ ఉంది, కాబట్టి సచ్. ఆ 'ఎ' ఎక్కడుందో గమనించండి, సచ్ తర్వాత. "సో ఎ హెవీ బాక్స్" అని ఎప్పుడూ రాదు. బహువచనమైతే 'ఎ' పోతుంది: "సచ్ హెవీ బాక్సెస్ దట్..."

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది తప్పనిసరిగా గుర్తుండాలి. మెనీ, మచ్, ఫ్యూ, లిటిల్ అనే నాలుగు పరిమాణపు మాటల ముందు, వెనక నామవాచకం ఉన్నా సరే, సో వస్తుంది. "దేర్ వర్ సో మెనీ పీపుల్ దట్ వి కుడ్ నాట్ సిట్." "దేర్ వాజ్ సో మచ్ నాయిస్ దట్ ఐ కుడ్ నాట్ స్లీప్." "వి హ్యాడ్ సో లిటిల్ టైమ్ దట్ వి స్కిప్డ్ లంచ్." తెలుగులో 'ఎంతమంది', 'ఎంత చప్పుడు', 'ఎంత తక్కువ టైమ్' అని వచ్చే చోట్లివి.

మూడో అడుగు: ఆ గుణం ఎవరిది, మనిషిదా, విషయానిదా?

ఒకావిడ ఇంటర్వ్యూకి సిద్ధమవుతూ నాతో ప్రాక్టీస్ చేస్తున్నారు. "ఈ అవకాశం వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది" అని చెప్పాలి. ఆమె అన్నది: "ఇట్ ఈజ్ వెరీ హ్యాపీ ఫర్ ఐ గాట్ దిస్ ఛాన్స్."

ఈ వాక్యంలో ప్రతి ముక్కా తెలుగు నుంచి నిజాయితీగా వచ్చిందే. తెలుగులో సంతోషం 'నాకు' ఉంటుంది. వాక్యానికి 'నేను' అనే కర్త లేదు, 'ఉంది' అనే క్రియ మాత్రం ఉంది. ఆ 'ఉంది' కాస్తా 'ఇట్ ఈజ్' అయింది. 'వచ్చినందుకు'లోని 'అందుకు' కాస్తా 'ఫర్' అయింది. ఇంగ్లీషులో సంతోషం మనిషిని పట్టుకుని ఉంటుంది, మనిషే కర్త. పైన చెప్పిన 'ఏమిటంటే' పద్ధతిలో పెట్టాం: నాకు సంతోషం ఏమిటంటే, ఈ అవకాశం వచ్చింది. "ఐ యామ్ వెరీ హ్యాపీ దట్ ఐ గాట్ దిస్ ఛాన్స్." ఆమె దాన్ని నాలుగైదు సార్లు పైకి అనుకున్నాక, మిగతా ఫీలింగ్ వాక్యాలన్నీ తనే మార్చుకోగలిగారు.

ఏ అడ్జెక్టివ్ అయినా దట్ ముందు పెట్టబోయే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది మనిషి లోపల కలిగేదా, విషయానికి ఉండే లక్షణమా? మనిషి లోపల కలిగేవి గ్లాడ్, హ్యాపీ, సారీ, అఫ్రెయిడ్, ప్రౌడ్, వరీడ్, ష్యూర్, కాన్ఫిడెంట్, అవేర్, డిసప్పాయింటెడ్ లాంటివి. వీటికి ఐ, హీ, షీ, వి, దే కర్తలుగా ఉండాలి. విషయానికి ఉండేవి క్లియర్, ఆబ్వియస్, ట్రూ, పాసిబుల్, లైక్లీ, స్ట్రేంజ్ లాంటివి. వీటిని దట్‌తో వాడేటప్పుడు ముందు ఇట్ ఈజ్ రావాలి. "ఇట్ ఈజ్ స్ట్రేంజ్ దట్ షీ డిడ్ నాట్ కాల్." ఇక్కడ ఇట్‌కి సొంత అర్థం లేదు, దట్ తర్వాత రాబోయే విషయానికి ముందే చోటు పట్టి ఉంచుతుంది, అంతే.

చివర 'ఈడీ' ఉన్న అడ్జెక్టివ్‌లు మనిషివి, 'ఐఎన్‌జీ' ఉన్నవి విషయానివి. "ఐ యామ్ సర్‌ప్రైజ్డ్ దట్ హీ వన్." "ఇట్ ఈజ్ సర్‌ప్రైజింగ్ దట్ హీ వన్." రెండూ సరైనవే, ఆశ్చర్యం మొదటి దాంట్లో నాలో ఉంది, రెండో దాంట్లో గెలుపులో ఉంది. "ఐ యామ్ సర్‌ప్రైజింగ్" అంటే నేనే ఇతరులకు ఆశ్చర్యం కలిగిస్తున్నాననే అర్థం వస్తుంది.

కొన్ని రెండు వైపులా నడుస్తాయి. "ఐ యామ్ సర్టెన్ దట్..." అనొచ్చు, "ఇట్ ఈజ్ సర్టెన్ దట్..." అని కూడా అనొచ్చు. సర్టెన్‌కి తోబుట్టువు లాంటి ష్యూర్ మాత్రం మనిషితోనే ఉంటుంది. "ఇట్ ఈజ్ ష్యూర్ దట్..." అని రాయకండి.

లైక్లీ, పాసిబుల్ జంటను ఇంకొంచెం శ్రద్ధగా చూడాలి. "అతను వచ్చే అవకాశం ఉంది" అనడానికి "ఇట్ ఈజ్ పాసిబుల్ దట్ హీ విల్ కమ్" సరైనదే, "ఇట్ ఈజ్ లైక్లీ దట్ హీ విల్ కమ్" సరైనదే. మొదటిది 'రావచ్చు', రెండోది 'వచ్చే అవకాశమే ఎక్కువ'. మనిషిని కర్తగా పెట్టాలంటే లైక్లీకి 'టు' తోడుంటుంది: "హీ ఈజ్ లైక్లీ టు కమ్." పాసిబుల్ దానికి ఒప్పుకోదు. "హీ ఈజ్ పాసిబుల్ టు కమ్" అనేది ఎక్కడా చెల్లదు. "హీ ఈజ్ లైక్లీ దట్..." కూడా చెల్లదు.

అఫ్రెయిడ్ గురించి ఒక ఉపయోగపడే మాట. "ఐ యామ్ అఫ్రెయిడ్ దట్ వి ఆర్ ఫుల్లీ బుక్డ్" అని ఎవరైనా అంటే వాళ్ళు భయపడుతున్నారని కాదు. "క్షమించాలి, ఖాళీ లేదండీ" అని చేదు మాటను మెత్తగా చెబుతున్నారు. ఈమెయిల్స్‌లో కాదనాల్సి వచ్చినప్పుడు మీరూ దీన్ని నిస్సంకోచంగా వాడండి.

నాలుగో అడుగు: 'గా' దగ్గర ఆగి చూడండి

తెలుగులో 'గా' రెండు ఉద్యోగాలు చేస్తుంది. "స్పష్టంగా చెప్పాడు" అన్నప్పుడు చెప్పిన తీరును వర్ణిస్తుంది, అది అడ్వర్బ్ పని. "స్పష్టంగా ఉంది" అన్నప్పుడు విషయం ఎలా ఉందో చెబుతుంది, ఇంగ్లీషులో ఆ పని అడ్జెక్టివ్‌ది. మనకు రెండు చోట్లా ఒకే 'గా' కాబట్టి, ఇంగ్లీషులో రెండు చోట్లా 'లీ' తగిలిస్తాం. అలా పుట్టిందే "ఇట్ ఈజ్ క్లియర్‌లీ దట్ హీ ఫర్‌గాట్" అనే తప్పు.

'గా' తర్వాత 'ఉంది' వస్తే అడ్జెక్టివ్: "ఇట్ ఈజ్ క్లియర్ దట్ హీ ఫర్‌గాట్." 'గా' తర్వాత చెప్పాడు, రాసింది, వివరించారు లాంటి పని వస్తే అడ్వర్బ్: "హీ సెడ్ క్లియర్‌లీ దట్ హీ వుడ్ నాట్ కమ్." ఉంది, ఉన్నాను, ఉన్నారు అన్న చోటల్లా 'లీ'కి చెయ్యి అడ్డుపెట్టండి.

క్లియర్‌లీ, ఆబ్వియస్‌లీ, ఫార్చునేట్‌లీ లాంటివి వాక్యం మొదట్లో కూడా వస్తుంటాయి. "క్లియర్‌లీ, హీ ఫర్‌గాట్." అప్పుడు దట్ అక్కర్లేదు, ఎందుకంటే ఆ ఒక్క అడ్వర్బే 'ఇట్ ఈజ్ క్లియర్ దట్' చేసే పని మొత్తం చేసేసింది. "క్లియర్‌లీ దట్ హీ ఫర్‌గాట్" అంటే ఒకే పనికి ఇద్దరిని పెట్టినట్టు.

ఐదో అడుగు: ప్రిపొజిషన్ తీసేయండి

అవేర్ ఆఫ్, ప్రౌడ్ ఆఫ్, అఫ్రెయిడ్ ఆఫ్, వరీడ్ అబౌట్, సర్‌ప్రైజ్డ్ ఎట్. వీటిలో వెనకున్న ఆఫ్, అబౌట్, ఎట్‌లే ప్రిపొజిషన్లు. ఈ జంటలను మనం బట్టీ పట్టి ఉంటాం, అందుకే దట్ వచ్చినా ఆ తోక వదలదు: "ఐ యామ్ అవేర్ ఆఫ్ దట్ ద ఆఫీస్ ఈజ్ క్లోజ్డ్." వెనక నామవాచకం వస్తేనే ప్రిపొజిషన్ ఉంటుంది: "ఐ యామ్ అవేర్ ఆఫ్ ద ప్రాబ్లమ్." దట్ వస్తే పోతుంది: "ఐ యామ్ అవేర్ దట్ ద ఆఫీస్ ఈజ్ క్లోజ్డ్." ప్రిపొజిషన్ ఉంచాల్సిందే అనుకుంటే మధ్యలో 'ద ఫ్యాక్ట్' పెట్టి, "ఆఫ్ ద ఫ్యాక్ట్ దట్" అనొచ్చు. కానీ అది వాక్యాన్ని బరువెక్కిస్తుంది. నేనైతే తీసేయడమే మంచిదంటాను.

ఆరో అడుగు: పాళ్ళు సరిచూడటం

అడ్జెక్టివ్ కుదిరాక, దాని ముందు ఎంత గట్టిగా చెప్పాలో నిర్ణయించే అడ్వర్బ్ పెట్టొచ్చు. ఇక్కడ అందరూ వెరీ ఒక్కటే వాడతారు. అది చాలాచోట్ల చెల్లుతుంది: వెరీ హ్యాపీ, వెరీ లైక్లీ, వెరీ క్లియర్. కానీ ఎసెన్షియల్, ఇంపాసిబుల్ లాంటి మాటలు ఇప్పటికే చివరి మెట్టు మీద ఉన్నాయి. వాటికి వెరీ కన్నా అబ్సల్యూట్‌లీ నప్పుతుంది. లైక్లీకి హైలీ బాగా కుదురుతుంది, క్లియర్‌కి పర్ఫెక్ట్‌లీ కుదురుతుంది, సర్టెన్‌కి ఆల్‌మోస్ట్ కుదురుతుంది. హైలీ క్లియర్ అనరు. ఇవి రూల్స్ కన్నా జంటలు. చదివినప్పుడు కనిపించిన జంటను జంటగానే రాసిపెట్టుకోండి.

నిజాయితీగా ఎంత తెలుసో అంతే చెప్పడానికి కూడా ఇవి పనికొస్తాయి. "ఐ యామ్ అబ్సల్యూట్‌లీ ష్యూర్ దట్..." అంటే సందేహమే లేదని. "ఐ యామ్ ఫెయిర్లీ ష్యూర్ దట్..." అంటే దాదాపు నమ్మకమే, కొంచెం తేడా ఉండొచ్చని. ఉద్యోగంలో మీ మాట మీద ఇంకొకరు నిర్ణయం తీసుకుంటున్నప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం.

'నాట్' ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. "ఐ యామ్ నాట్ ష్యూర్ దట్ హీ విల్ కమ్" అంటే వస్తాడో రాడో నాకు తెలియదు. "ఐ యామ్ ష్యూర్ దట్ హీ విల్ నాట్ కమ్" అంటే రాడని నాకు ఖాయంగా తెలుసు. మొదటి వాక్యంలో 'వస్తాడో రాడో' అనే సందేహమే ప్రధానమైతే దట్ బదులు 'వెదర్' పెడితే ఇంకా బాగుంటుంది.

ఏడో అడుగు: క్రియతో ఉన్న అడ్వర్బ్‌ని దట్‌కి ఏ వైపు ఉంచాలి?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పని దగ్గర నిజంగా నష్టం చేసేది ఇదే. ఈ రెండు వాక్యాలు చూడండి.

"షీ టోల్డ్ మీ ఆన్ మండే దట్ ద ఆఫీస్ వాజ్ క్లోజ్డ్."

"షీ టోల్డ్ మీ దట్ ద ఆఫీస్ వాజ్ క్లోజ్డ్ ఆన్ మండే."

మాటలన్నీ ఒకటే. మొదటి దాంట్లో ఆమె నాకు చెప్పింది సోమవారం. రెండో దాంట్లో ఆఫీసు మూసి ఉన్నది సోమవారం. దట్ ఒక గోడ లాంటిది. గోడకు ఇవతల ఉన్న అడ్వర్బ్ చెప్పడం, అనుకోవడం అనే పనికి చెందుతుంది. అవతల ఉన్నది లోపలి విషయానికి చెందుతుంది. "ద డాక్టర్ టోల్డ్ మీ రిపీటెడ్‌లీ దట్ ఐ షుడ్ రెస్ట్" అంటే డాక్టర్ పదే పదే చెప్పారు. రిపీటెడ్‌లీని తీసుకెళ్ళి చివర పెడితే, పదే పదే విశ్రాంతి తీసుకోమన్నారని అవుతుంది.

తెలుగులో మనం "సోమవారం ఆఫీసు మూసి ఉందని చెప్పింది" అన్నప్పుడు కూడా ఇదే కన్ఫ్యూజన్ ఉంది, కాకపోతే ఎదుటివాళ్ళు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. ఇంగ్లీష్ ఈమెయిల్ చదివేవాళ్ళు రాసిన చోటునే నమ్ముతారు. అందుకని పంపే ముందు, వాక్యంలోని రోజు, టైమ్, 'మళ్ళీ', 'స్పష్టంగా' లాంటి మాటలను వేలితో చూపించి, ఇది గోడకు ఏ వైపుది అని అడగండి.

బిలీవ్, హోప్, థింక్, రిమెంబర్ లాంటి మనసు క్రియలకైతే అడ్వర్బ్ సాధారణంగా క్రియకు ముందు కూర్చుంటుంది: "ఐ ఫర్మ్‌లీ బిలీవ్ దట్...", "ఐ సిన్సియర్‌లీ హోప్ దట్...", "ఐ ఫుల్లీ అండర్‌స్టాండ్ దట్..." వెరీ ఇక్కడికి అస్సలు రాదు. "ఐ వెరీ హోప్" తప్పు, "ఐ రియల్‌లీ హోప్" సరైనది. 'తెలుసు' అనే అర్థమిచ్చే 'నో'తో మాత్రం 'వెరీ వెల్' కలిపి వెనక పెట్టొచ్చు: "ఐ నో వెరీ వెల్ దట్ దిస్ ఈజ్ డిఫికల్ట్."

ఎనిమిదో అడుగు: తప్పనిసరి అని చెప్పేటప్పుడు క్రియ మారుతుంది

ఎసెన్షియల్, ఇంపార్టెంట్, నెసెసరీ, వైటల్ అనే అడ్జెక్టివ్‌లతో 'ఇలా జరగాలి' అని చెప్పేటప్పుడు, దట్ తర్వాత క్రియ ఏ మార్పూ లేని మూల రూపంలో ఉంటుంది. "ఇట్ ఈజ్ ఎసెన్షియల్ దట్ ఎవ్రీ అప్లికెంట్ సైన్ ద ఫామ్." ఏకవచనమే అయినా 'సైన్స్' అని 'ఎస్' చేర్చరు. "ఇట్ ఈజ్ వైటల్ దట్ హీ బి ప్రెజెంట్." ఇక్కడ ఈజ్ బదులు 'బి' వచ్చింది. బ్రిటిష్ పద్ధతిలో 'షుడ్' చేర్చి "దట్ హీ షుడ్ బి ప్రెజెంట్" అని ఎక్కువగా రాస్తారు. రెండూ చెల్లుతాయి. మామూలు సంభాషణలో ఇవి బరువుగా అనిపిస్తే "ఇట్ ఈజ్ ఇంపార్టెంట్ ఫర్ హిమ్ టు కమ్" అనేయండి. ఆఫీసు నోటీసులు, రూల్స్ రాసేటప్పుడు పై రూపాలు అవసరమవుతాయి.

సో, దట్ పక్కపక్కనే వస్తే అర్థం మారుతుందని కూడా ఇక్కడే చెప్పాలి. "ఐ స్పోక్ స్లోలీ సో దట్ ఎవ్రీవన్ కుడ్ ఫాలో." ఇది 'అందరికీ అర్థమయ్యేలా' అనే ఉద్దేశం. సో, దట్ మధ్యలో అడ్వర్బ్ దూరితే అది ఫలితం: "ఐ స్పోక్ సో స్లోలీ దట్ సమ్ పీపుల్ ఫెల్ అస్లీప్." అలాగే 'నౌ' అనే అడ్వర్బ్ దట్‌తో కలిస్తే 'ఇప్పుడు ఇది అయిపోయింది కాబట్టి' అనే అర్థం వస్తుంది: "నౌ దట్ ద ఎగ్జామ్ ఈజ్ ఓవర్, వి కెన్ రెస్ట్."

తొమ్మిదో అడుగు: దట్ తీసేయొచ్చా, ఎక్కడ ఆగాలి?

గ్లాడ్, ష్యూర్, సారీ, అఫ్రెయిడ్ లాంటి రోజువారీ మాటల తర్వాత మాట్లాడేటప్పుడు దట్ వదిలేస్తారు: "ఐ యామ్ గ్లాడ్ యూ కేమ్." సో... దట్‌లో కూడా నోటి మాటలో పోతుంటుంది. రాతలో, ముఖ్యంగా ఇట్ ఈజ్ వాక్యాల్లోనూ, మధ్యలో ఇంకేదైనా మాట దూరిన చోటా ఉంచడమే మేలు. మీకు అనుమానం ఉన్న ప్రతిచోటా ఉంచండి, ఉంచడం వల్ల పైన చెప్పిన ఏ వాక్యమూ తప్పు కాదు. దట్ ముందు కామా మాత్రం పెట్టకండి.

ఫలానా అడ్జెక్టివ్ దట్‌తో వస్తుందా రాదా అని సందేహం వస్తే, ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన డిక్షనరీలో చూడండి. అర్థం పక్కనే దట్ అని చూపించి, దాని కింద ఉదాహరణ వాక్యం ఇస్తారు. అర్థం చూసి మూసేయకుండా ఆ ఉదాహరణను ఒకసారి పైకి చదవండి.

చదివేటప్పుడు ఆగాల్సిన చోటు దట్‌కి ముందు. మన 'అని' తర్వాత ఆగే అలవాటు వల్ల, "ఐ యామ్ ష్యూర్ దట్..." అని అక్కడ ఆగి మిగతాది వెతుక్కుంటాం. "ఐ యామ్ ష్యూర్" అని కాస్త ఆగి, "దట్ హీ విల్ కమ్" అని ఒకే ఊపులో అనండి. ఈ దట్ చాలా పొట్టిగా, నొక్కకుండా పలుకుతుంది. 'అది' అని చూపించే దట్‌లా సాగదు. కాగితం మీద ఇప్పటిదాకా మీరు రాసిన వాక్యాల్లో ప్రతి దట్‌కి ముందు ఒక నిలువు గీత గీయండి. గీతకు ఎడమ పక్కనున్న మాట అడ్జెక్టివా, అడ్వర్బా అని పైన రాయండి. తర్వాత గీత దగ్గర ఆగుతూ, ఒక్కో వాక్యాన్నీ మూడేసి సార్లు పైకి చదవండి.